ఆఫీసు మెయిల్ గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బెంగళూరు వచ్చి పన్నెండేళ్లు దాటింది. పీణ్యలో ఒక మెషిన్ షాపులో డిస్పాచ్, బిల్లింగ్ రెండూ చూస్తాను. హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లె వైపు నుంచి కొత్తగా ఉద్యోగాలకు వచ్చే పిల్లలు చాలామంది దాసరహళ్లిలో మా ఇంటి చుట్టుపక్కలే రూములు తీసుకుంటారు. ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక నలుగురైదుగురు మా హాల్లో చేరతారు, ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని మెయిల్ నేర్చుకుంటాం. ఫోన్‌లో ఏదైనా చకచకా చేసేసే పిల్లలే, ఆఫీసు మెయిల్ తెరవగానే బిగుసుకుపోతారు. వాళ్లు అడిగినవే ఇవి, దాదాపు అడిగిన మాటల్లోనే.

అక్కా, అన్నీ వాట్సాప్‌లో అయిపోతున్నాయి కదా, మెయిల్ ఎందుకు?

నా సంగతి చెప్తాను, ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. 2014లో నేను వేరే చోట పనిచేసేదాన్ని. ఒకరోజు కస్టమర్ వాళ్ల పర్చేజ్ నుంచి ఫోనొచ్చింది, అయిదొందల పీసుల్లో ఇప్పుడు మూడొందలే పంపండి, మిగతావి వచ్చే నెల చూద్దాం అని. సరేనన్నాను, మా సూపర్‌వైజర్‌కి నోటితో చెప్పాను, మూడొందలు బండి ఎక్కించాం. నెలాఖరుకి సరుకు తక్కువొచ్చిందని కస్టమర్ గొడవ పెట్టుకున్నారు. ఫోన్ చేసినాయన నేనలా అనలేదన్నాడు, సూపర్‌వైజర్ నాకెవరూ చెప్పలేదన్నాడు. మీటింగులో ఒకళ్లు ఇంగ్లీషు, ఒకళ్లు కన్నడ, అప్పట్లో నాకు రెండూ అంతంత మాత్రం, నోరు పెగల్లేదు. ఆ నెల ఇన్సెంటివ్ కోసేశారు. డబ్బు సంగతి అలా ఉంచండి, అబద్ధం చెప్పానని పదిమందిలో అనిపించుకుని ఆ రాత్రి అన్నం సహించలేదు.

అప్పట్నుంచి ఫోన్ పెట్టేసిన అయిదు నిమిషాల్లో ఒక మెయిల్ కొడతాను: 'యాజ్ పర్ అవర్ టెలికాన్ టుడే, వీ విల్ డిస్పాచ్ 300 నంబర్స్ నౌ అండ్ బ్యాలెన్స్ 200 నెక్స్ట్ మంత్.' ఇంతే. టెలికాన్ అంటే ఫోన్‌లో మాట్లాడుకున్నది. ఎన్నిసార్లు ఈ ఒక్క లైను నన్ను ఆదుకుందో లెక్కలేదు. మీటింగులో గొంతు పెంచి మాట్లాడలేని మనలాంటివాళ్లకి మెయిల్ పెద్ద అండ. ఎవరు ఎవరికి ఏ తేదీన ఎన్ని గంటలకు ఏం చెప్పారో అందులోనే ఉంటుంది. 2000లో వచ్చిన ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రికార్డుకు చట్టపరంగా గుర్తింపు కూడా ఇచ్చింది. వాట్సాప్ మెసేజ్ రికార్డు కాదని అనను, కానీ పంపినవాళ్లు కాసేపటికి అందరికీ కనబడకుండా తీసేసుకోవచ్చు. బయటి కంపెనీ నుంచి మీ ఇన్‌బాక్స్‌లో పడిన మెయిల్‌ని వాళ్లు అలా వెనక్కి లాక్కోలేరు.

వెబ్ మెయిల్ అంటే ఏంటి? ఏదైనా సాఫ్ట్‌వేర్ వేసుకోవాలా?

ఏమీ వేసుకోనక్కర్లేదు. క్రోమో, ఎడ్జో, ఫైర్‌ఫాక్సో తెరిచి, కంపెనీ ఇచ్చిన అడ్రస్‌కి వెళ్లి లాగిన్ అవడమే. మెయిళ్లన్నీ సర్వర్‌లో, అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లో ఉంటాయి, మనం ఇక్కణ్నుంచి చూస్తున్నాం, అంతే. కాబట్టి మీ సిస్టమ్ పాడైపోయినా మెయిళ్లు పోవు, పక్క సీటు కంప్యూటర్లో లాగిన్ అయితే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ పద్ధతిని జనంలోకి తెచ్చినవాటిలో ముందు చెప్పుకోవాల్సింది హాట్‌మెయిల్. సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి 1996 జులై 4న మొదలుపెట్టారు, ఆ భాటియా బడి చదువు కొంత ఈ బెంగళూరులోనే సాగింది. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న వచ్చింది, ఉచితంగా ఒక జీబీ చోటు ఇస్తామంటే ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నారు చాలామంది.

ఇక్కడి ఆఫీసుల్లో మీకు తగిలేవి ముఖ్యంగా మూడు: గూగుల్ వాళ్ల జీమెయిల్, మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్, చెన్నై కంపెనీ జోహో వాళ్ల మెయిల్. ఒకటి బాగా వస్తే మిగతా రెండూ వచ్చినట్టే. జీమెయిల్‌లో 'కంపోజ్' అని ఉంటే అవుట్‌లుక్‌లో 'న్యూ మెయిల్' అని ఉంటుంది, తేడా అలాంటిదే.

నాకు సొంత జీమెయిల్ ఉంది. ఆఫీసు వాళ్లు ఇంకోటి ఇచ్చారు, రెండూ ఎందుకు?

ఆఫీసు ఐడీలో ఎట్ గుర్తు తర్వాత మీ కంపెనీ పేరుంటుంది చూడండి, ఆ మెయిల్ కంపెనీది. మీకు వాడుకోవడానికి ఇచ్చారు, మీది కాదు. అందుకని బ్యాంక్ ఖాతా, పీఎఫ్, డిజీలాకర్, కరెంటు బిల్లు, పిల్లల బడి, వీటిలో దేనికీ ఆఫీసు ఐడీ ఇవ్వకండి. ఉద్యోగం మారిన రోజున ఆ ఐడీ ఆగిపోతుంది, ఓటీపీలు ఎటో పోతాయి, తర్వాత మార్పించుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలో చెప్పలేం. అలాగే ఆఫీసు పనిని సొంత జీమెయిల్ నుంచి చేయకండి. అవతలివాళ్లు నమ్మరు, ఇవతల మీ మేనేజర్‌కి ఇబ్బంది.

మేనేజర్ నా మెయిల్ చదవగలరా అని కూడా అడుగుతుంటారు. కంపెనీ అనుకుంటే చూడగలదు. కంపెనీ మెయిల్ ఐడీలన్నీ చూసుకునే అడ్మిన్ చేతిలో అంతా ఉంటుంది. సంబంధాల గొడవలు, అప్పుల విషయాలు అందులో రాయకండి.

ఫోన్‌లో మెయిల్ ఐడీ చెప్తే ప్రతిసారీ తప్పు రాసుకుంటున్నారు. ఎలా చెప్పాలి?

మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి. ఎం ఫర్ మ్యాంగో, ఎన్ ఫర్ నాగ్‌పూర్, బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ, ఇక్కడ అందరూ ఇలాగే చెప్తారు, మొహమాటపడకండి. మధ్యలో ఉన్న గుర్తును 'ఎట్ ది రేట్' అంటారు. 1971లో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మొదటి మెయిల్ పంపినప్పుడు మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య ఈ గుర్తు పెట్టాడు, అదే నిలిచిపోయింది. మన కీబోర్డులో షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే వస్తుంది. ఐడీలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు, చివర్లో చుక్క పెట్టకూడదు. చెప్పాక వాళ్లనే ఒక టెస్ట్ మెయిల్ పెట్టమనండి, మీకొచ్చిందంటే సరిగ్గా రాసుకున్నట్టే.

పాస్‌వర్డ్ ఏం పెట్టుకోవాలి?

పేరు, పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు వద్దు. మీ అమ్మమ్మ తరచూ అనే మాటో, మీ ఊరివాళ్లు మాత్రమే వాడే ఒక వాక్యమో ఇంగ్లీషు అక్షరాల్లో పొడుగ్గా రాసి, మధ్యలో ఒక అంకె, ఒక గుర్తు చేర్చండి. మీకు మర్చిపోవడం కష్టం, ఇంకొకళ్లకి ఊహించడం కష్టం. టూ స్టెప్ వెరిఫికేషన్ అనే సదుపాయం ఉంటే ఆన్ చేయండి, పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిసిపోయినా ఫోన్‌లో మీరు ఒప్పుకుంటే తప్ప లోపలికి రాలేరు. షాప్ ఫ్లోర్‌లో ముగ్గురు నలుగురు వాడే కంప్యూటరైతే ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే మనం చూసినవి బ్రౌజర్‌లో దాచుకోని విండోలో తెరిచి, అయిపోగానే సైన్ అవుట్ కొట్టండి. ట్యాబ్ ఒక్కటి మూసేస్తే సరిపోదు. మర్చిపోయి వచ్చేశారా, జీమెయిల్‌లో ఇన్‌బాక్స్ కింద కుడి మూల 'డీటెయిల్స్' అని చిన్నగా ఉంటుంది, అక్కణ్నుంచి మిగతా చోట్లన్నీ సైన్ అవుట్ చేసేయొచ్చు.

టూ, సీసీ, బీసీసీ... ఎవర్ని ఎందులో పెట్టాలి?

ఎవరు పని చేయాలో వాళ్లు 'టూ'లో. తెలిస్తే చాలు, చేయాల్సింది ఏమీ లేదు అనుకున్నవాళ్లు 'సీసీ'లో. సీసీ అంటే కార్బన్ కాపీ, టైపు మిషన్ల కాలంలో మధ్యలో నీలం కార్బన్ పేపర్ పెట్టి రెండో ప్రతి తీసేవాళ్లే, ఆ పేరే. 'బీసీసీ'లో పెట్టినవాళ్లకి మెయిల్ వెళ్తుంది కానీ వాళ్లకి వెళ్లినట్టు మిగతావాళ్లకి కనబడదు.

ఇందులో గొడవలయ్యేది సీసీ దగ్గరే. తోటివాళ్లు ఒక పని ఆలస్యం చేస్తే మొదటి మెయిల్‌కే వాళ్ల మేనేజర్‌ని సీసీలో పెట్టామంటే, పైకి చెప్పకపోయినా అది ఫిర్యాదే. వాళ్లు మర్చిపోరు. ముందు వాళ్లకే రాయండి, రెండోసారీ వాళ్లకే రాయండి, మూడోసారికి సీసీలో పెట్టండి, అప్పుడు మిమ్మల్నెవరూ తప్పుపట్టరు. అలాగని మీ సొంత మేనేజర్‌ని వదిలేయకండి. కస్టమర్‌కి రేటు, తేదీ, సంఖ్య ఏది రాసినా మీ మేనేజర్ సీసీలో ఉండాలి. మొదట నేను చెప్పిన గొడవలో నా దగ్గర అలాంటి మెయిల్ ఒక్కటుంటే మీటింగు దాకా వచ్చేదే కాదు.

బీసీసీని నేను ఒకేదానికి వాడతాను: నలభైమంది సప్లయర్లకి ఒకే విషయం చెప్పాల్సినప్పుడు, దీపావళి సెలవుల్లాంటివి, ఒకళ్ల ఐడీ ఇంకొకళ్లకి తెలియకుండా. చాటుగా పై అధికారికి చూపించడానికి బీసీసీ వాడతారు కొందరు. వద్దు. ఆ బీసీసీలో ఉన్నాయన చూసుకోకుండా 'రిప్లై ఆల్' కొట్టాడంటే అందరికీ తెలిసిపోతుంది.

సబ్జెక్ట్‌లో ఏం రాయాలి?

ఆరు నెలల తర్వాత మీరే వెతుక్కుంటే దొరికేలా రాయండి. 'అర్జెంట్', 'హాయ్', 'రిగార్డింగ్ మెటీరియల్', ఇవేవీ దొరకవు. పీఓ (పర్చేజ్ ఆర్డర్) నంబరు, పార్ట్ పేరు, ఏం జరగాలి, ఈ మూడూ ఉంటే చాలు. సబ్జెక్ట్ ఖాళీగా వదిలేసి మాత్రం పంపకండి.

అక్కా, అసలు భయం అది కాదు. నాకు ఇంగ్లీషు రాదు.

ఈ ప్రశ్న అందరూ చివర్లో, మిగతావాళ్లు లేచి వెళ్లాక అడుగుతారు. అందుకే నేనిప్పుడు మొదటి ఆదివారమే ఎత్తుతాను.

ఆఫీసు మెయిల్‌కి కావాల్సిన ఇంగ్లీషు చాలా తక్కువ. నిజంగా తక్కువ. నేను రోజూ రాసే మెయిళ్లు తీసి చూస్తే ఇరవై, ముప్పై వాక్యాలే తిరిగి తిరిగి వస్తుంటాయి. పోయినేడు మదనపల్లె నుంచి స్టోర్స్‌లో చేరడానికి వచ్చిన ఒకమ్మాయి ఒక్క మెయిల్ కోసం గంటసేపు కూర్చుంది. స్క్రీన్ మీద 'రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్' అని బడిలో సెలవు చీటీలాగా రాసి, చెరిపి, మళ్లీ రాసి, కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. నువ్వు సార్‌కి ఏం చెప్పాలి, తెలుగులో చెప్పు అన్నాను. "బేరింగులు యాభై వచ్చాయి, అందులో నాలుగు తుప్పు పట్టాయి, ఫొటో పెట్టాను, వాపసు పంపమంటారా" అంది. అంతే కదమ్మా, నాలుగు ముక్కలు, నాలుగు లైన్లు రాయి అన్నాను. 'డియర్ సర్, రిసీవ్డ్ 50 బేరింగ్స్ టుడే. 4 ఆర్ రస్టెడ్. ఫొటోస్ అటాచ్డ్. షల్ వీ రిటర్న్ దెమ్?' రాసి పంపింది. పది నిమిషాల్లో జవాబొచ్చింది, 'యెస్, రిటర్న్.' ఆ పిల్ల మొహం చూడాల్సింది.

కాబట్టి ముందు తెలుగులో అనుకోండి. ఎవరికి, ఏం జరిగింది, ఏం కావాలి, ఎప్పటికి కావాలి. ఒక్కోదానికి ఒక్కో చిన్న వాక్యం. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసుకున్నా తప్పులేదు, కాకపోతే పెద్ద పెద్ద వాక్యాలు వేస్తే అర్థం ఎటో పోతుంది, చిన్నవి వేస్తే సరిగ్గా వస్తాయి. అంకెలు మాత్రం రెండుసార్లు చూసుకోండి. వ్యాకరణం తప్పితే ఎవరూ ఏమీ అనరు, అయిదొందలు అయిదువేలైతే ఊరుకోరు. జీమెయిల్ మెనూలన్నీ తెలుగులోకి కూడా మార్చుకోవచ్చు, సెట్టింగ్స్‌లో 'లాంగ్వేజ్' దగ్గర తెలుగు ఎంచుకుంటే సరి, కొత్తలో కొన్ని రోజులు అలా వాడితే చేయి అలవాటవుతుంది.

ఇంకో సంగతి, పాతవాళ్ల మెయిళ్లు చదవండి. బాగా రాసే ఒకరిని చూసుకుని వాళ్ల వాక్యాలు ఒక నోటుబుక్కులో ఎక్కించుకోండి. నేనలాగే నేర్చుకున్నాను.

ఆఫీసు మెయిళ్లలో కొన్ని మాటలు అర్థం కావు. 'రివర్ట్' అంటే ఏంటి?

మన ఆఫీసుల్లో 'ప్లీజ్ రివర్ట్' అంటే బదులివ్వండి అని. డిక్షనరీ చూస్తే పాత స్థితికి వెళ్లడం అని ఉంటుంది, కంగారుపడకండి. 'డూ ది నీడ్‌ఫుల్' అంటే చేయాల్సింది చేయండి. 'పీఎఫ్ఏ' అంటే అటాచ్‌మెంట్ చూడండి. 'ఎఫ్‌వైఐ' అంటే మీకు తెలియడానికి మాత్రమే. 'ఈఓడీ' అంటే ఇవాళ పని ముగిసేలోపు, ఇది చూస్తే ఆలస్యం చేయకండి. 'ట్రెయిల్ మెయిల్' అంటే కింద గొలుసులాగా ఉన్న పాత మెయిళ్లన్నీ, 'సీ ట్రెయిల్ మెయిల్' అన్నారంటే అడుగు నుంచి పైకి చదువుకుంటూ రండి, కథంతా అక్కడే ఉంటుంది.

అటాచ్‌మెంట్ పెట్టడం మర్చిపోతున్నాను. ఏం చేయాలి?

క్రమం మార్చండి. ముందు ఫైలు అటాచ్ చేయండి, తర్వాత మెయిల్ రాయండి, 'టూ'లో పేరు ఆఖర్న వేయండి. పేరు లేకపోతే పొరపాటున సెండ్ నొక్కినా మెయిల్ కదలదు. కొత్తవాళ్లకి నేను నేర్పేవాటిలో దీన్ని ముందు పెడతాను.

ఇంగ్లీషులో 'అటాచ్డ్' అని రాసి ఫైలు పెట్టకపోతే జీమెయిల్ ఆపి అడుగుతుంది, కానీ దానిమీదే ఆధారపడకండి. జీమెయిల్‌లో ఫైళ్లన్నీ కలిపి 25 ఎంబీ దాకా వెళ్తాయి, దాటితే గూగుల్ డ్రైవ్‌లో, అంటే ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచుకునే చోట ఎక్కించి లింక్ పంపుతుంది. అప్పుడు అవతలివాళ్లకి తెరిచే అనుమతి ఇచ్చారో లేదో చూడండి, లేకపోతే వాళ్లు 'రిక్వెస్ట్ యాక్సెస్' అని పంపుతూ ఉంటారు, మీరు చూసుకోరు, సగం రోజు పోతుంది.

ఫైలు పేరు గురించి ఒక్క మాట. ఫోన్‌తో ఫొటో తీసిన ఇన్‌వాయిస్ పక్కకి తిరిగి, మూల మడత పడి, పేరు చూస్తే పద్నాలుగు అంకెలు, ఇలాంటివి నాకు రోజూ వస్తాయి. అవతల కూర్చున్న మనిషి మెడ వంచి చదవాలి. స్కాన్ చేసే యాప్‌తో పీడీఎఫ్ చేసి, ఇన్‌వాయిస్ నంబరు, కంపెనీ పేరు పెట్టి సేవ్ చేయడానికి ఒక్క నిమిషం చాలు. అలా పంపిన బిల్లు ముందు పాసవుతుంది, ఇది నా అనుభవం. పంపేముందు ఆ అటాచ్‌మెంట్ మీద ఒకసారి నొక్కి తెరిచి చూడండి, సరైన ఫైలే పెట్టారా అని.

రిప్లై, రిప్లై ఆల్, ఫార్వర్డ్ తేడా?

రిప్లై పంపినవాళ్లకే వెళ్తుంది. రిప్లై ఆల్ టూలో, సీసీలో ఉన్న అందరికీ. ఫార్వర్డ్ అంటే కొత్తవాళ్లకి పంపడం, ఇందులో అటాచ్‌మెంట్లు కూడా వెళ్తాయి, రిప్లైలో వెళ్లవు. పని మెయిల్ అయితే రిప్లై ఆల్ కొట్టండి, సీసీలో ఉన్న మేనేజర్‌ని వదిలేస్తే ఆయనకి కథ సగంలో తెగిపోతుంది. పుట్టినరోజు శుభాకాంక్షలకి, సెలవు అడగడానికి రిప్లై చాలు.

ఫార్వర్డ్ చేసేముందు ట్రెయిల్ కిందిదాకా చదవండి, దయచేసి. లోపల మన రేటు ఎంత, ఎంత తగ్గించొచ్చు అని మనవాళ్లు మాట్లాడుకున్న మెయిల్ కింద ఉండిపోయి అది కస్టమర్‌కి వెళ్తే ఎవరూ ఏమీ చేయలేరు. కొత్త మెయిల్ తీసుకుని కావాల్సిన ముక్క మాత్రం రాయడం మంచిది.

తప్పుగా పంపేశాను. వెనక్కి తీసుకోవచ్చా?

కొన్ని సెకన్లలోపైతే. జీమెయిల్‌లో పంపగానే కింద 'అన్‌డూ' వస్తుంది, మామూలుగా అయిదు సెకన్లే ఉంటుంది, సెట్టింగ్స్‌లో దాన్ని 30 సెకన్లకి పెంచుకోండి, ఇవాళే పెంచుకోండి. వెబ్ అవుట్‌లుక్‌లో 10 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. ఆ తర్వాత 'రీకాల్' అనేది సొంత కంపెనీ లోపల పనిచేయొచ్చు, బయటికి వెళ్లినదాన్ని ఎవరూ ఆపలేరు. అప్పుడిక దాచకండి. వెంటనే ఇంకో మెయిల్ కొట్టండి: 'ప్లీజ్ ఇగ్నోర్ మై ప్రీవియస్ మెయిల్, కరెక్ట్ ఫైల్ అటాచ్డ్.' వేరే కస్టమర్ కాగితాలు వెళ్లిపోతే ముందు మీ మేనేజర్‌కి ఫోన్ చేయండి. మీ నోటి నుంచి వినడం వేరు, కస్టమర్ చెప్తే వినడం వేరు.

బ్యాంక్ అకౌంట్ మారిందని సప్లయర్ మెయిల్ పెట్టారు. కొత్త దానికి పంపేయొచ్చా?

ఆగండి. ఇక్కడే చాలా డబ్బు పోతోంది.

రెండేళ్ల కిందట నాకూ అచ్చం ఇలాంటిదే వచ్చింది. ఎప్పుడూ బిల్లులు పంపే సప్లయర్ పేరు, వాళ్ల లోగో, మేం అంతకుముందు రాసుకున్న ట్రెయిల్ కూడా కింద ఉంది. మా అకౌంట్ ఆడిట్‌లో ఉంది, ఈ నెల డబ్బు ఈ కొత్త అకౌంట్‌లో వేయండి, ఇవాళ సాయంత్రంలోపు అని. సాయంత్రంలోపు అన్న మాట దగ్గర నాకు అనుమానమొచ్చింది, ఆ సప్లయర్ ఎప్పుడూ తొందరపెట్టే మనిషి కాదు. పంపినవాళ్ల పేరు మీద నొక్కి పూర్తి ఐడీ చూశాను. అంతా సరిగ్గానే ఉన్నట్టుంది. అక్షరం అక్షరం చదివితే తెలిసింది, కంపెనీ పేరులో ఎం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. చిన్న అక్షరాల్లో ఆ రెండూ కలిసి ఎం లాగే కనబడతాయి. నాలుగు లక్షల చిల్లర బిల్లు అది.

కాబట్టి అకౌంట్ నంబరు మారిందని ఎవరు రాసినా, మీ దగ్గర పాతగా ఉన్న ఫోన్ నంబరుకి చేసి అడగండి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకి కాదు, అక్కడ ఎత్తేది ఆ దొంగే. సీఈఓ పేరుతో గిఫ్ట్ కార్డులు కొనమని వచ్చేవి, మెయిల్‌బాక్స్ నిండిపోయింది ఇక్కడ పాస్‌వర్డ్ కొట్టమని వచ్చేవి, ఇవన్నీ ఆ తరహావే. లింక్ మీద నొక్కకుండా మౌస్ పెట్టి ఉంచితే అసలు అడ్రస్ కింద మూలలో కనబడుతుంది. డబ్బు పోయిందని తెలిస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకు దేశమంతా ఒకటే నంబరు. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తిడతారని ఆఫీసులో చెప్పకుండా దాచడమే అన్నిటికంటే నష్టం.

రావాల్సిన మెయిల్ రాలేదు. ఎక్కడ చూడాలి?

ముందు స్పామ్‌లో, అంటే అనుమానం ఉన్న మెయిళ్లు వాటంతటవే వెళ్లి పడే ఫోల్డర్‌లో. జీమెయిల్‌లో స్పామ్‌లో పడ్డవి, ట్రాష్‌లో వేసినవి 30 రోజులకు వాటంతటవే పోతాయి, కాబట్టి వారానికోసారి చూస్తుండండి. మంచి మెయిల్ అందులో కనబడితే 'నాట్ స్పామ్' నొక్కండి. అక్కడా లేకపోతే వెతికే పెట్టెలో పంపినవాళ్ల పేరో పీఓ నంబరో కొట్టండి. ఆ పెట్టె చివర చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ఎవరి నుంచి, ఏ తేదీల మధ్య, అటాచ్‌మెంట్ ఉన్నవే చూపించు అని విడివిడిగా అడగొచ్చు. ఇది వచ్చినవాళ్లకి ఫోల్డర్ల అవసరం సగం తగ్గిపోతుంది.

'ఆర్కైవ్' నొక్కి మెయిల్ పోయిందని ఏడ్చినవాళ్లున్నారు. పోలేదు. ఇన్‌బాక్స్ ముందు నుంచి పక్కకి జరిగింది, వెతికితే దొరుకుతుంది.

రెండు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. మళ్లీ పెడితే బాగుండదేమో?

పెట్టండి. కొత్త మెయిల్ కాకుండా అదే ట్రెయిల్ మీద, అప్పుడు పాత తేదీలన్నీ వాళ్లకి కనబడతాయి. 'జెంటిల్ రిమైండర్' అని ఒక లైను, ఏం కావాలో ఒక లైను, ఎప్పటికి కావాలో ఒక లైను. రెండు రోజులు ఆగి ఫోన్ చేయండి. ఫోన్‌లో సరేనంటే, ఆ మాటనే మళ్లీ మెయిల్‌లో వేయండి. మనకి ముఖం చెల్లక ఆగిపోతాం గానీ, రోజుకు వంద మెయిళ్లు చూసేవాళ్లకి గుర్తుచేస్తే మేలే.

రాత్రి పదకొండింటికి మెయిల్ వస్తే అప్పుడే బదులివ్వాలా?

ఎక్కువశాతం అక్కర్లేదు. నిద్ర పట్టక రాసేసినా, 'షెడ్యూల్ సెండ్' పెట్టి పొద్దున తొమ్మిదింటికి వెళ్లేలా చేయండి. రాత్రి కోపంలో రాసినదైతే డ్రాఫ్ట్‌లో వదిలేయండి, దానంతటదే సేవ్ అవుతుంది. పొద్దున మెట్రోలో ఫోన్ తీసి ఒకసారి చదివితే ఏం తీసేయాలో మీకే కనబడుతుంది.

సంక్రాంతికి ఊరెళ్తున్నాను. మెయిల్స్ సంగతి?

సెట్టింగ్స్‌లో 'వెకేషన్ రెస్పాండర్' లేదా 'ఆటోమేటిక్ రిప్లైస్' అని ఉంటుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉండరో, ఆ లోపల ఎవరిని అడగాలో రాయండి. ఆ పేరు రాసేముందు ఆ మనిషికి చెప్పండి.

ఉద్యోగం మానేస్తున్నాను. మెయిల్‌లో ఏం చేసుకోవాలి?

చివరి రోజు దాకా ఆగకండి, కొన్నిచోట్ల రిజైన్ చేసిన పూటే యాక్సెస్ తీసేస్తారు. పేస్లిప్పులు, ఫారం 16 (జీతంలో కోసిన పన్ను చూపే కాగితం), అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, ఇవి మీ సొంత కాగితాలు, ఎప్పటికప్పుడు పీడీఎఫ్‌లు దించుకుని మీ దగ్గర పెట్టుకోండి. కస్టమర్ల లిస్టులు, డ్రాయింగులు, రేట్లు మీవి కావు, వాటిని సొంత ఐడీకి ఫార్వర్డ్ చేసుకోకండి, కేసులయ్యే ప్రమాదం ఉంది. సగంలో ఉన్న పనులన్నీ ఒక మెయిల్‌లో రాసి, ఏది ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి, మీ చోట్లోకి వచ్చేవాళ్లకీ మేనేజర్‌కీ పంపండి. రిలీవింగ్ లెటర్ మీ సొంత ఐడీకి పంపమని హెచ్ఆర్‌కి ముందే ఒక లైను రాయండి, ఆఫీసు ఐడీకి పంపితే దాన్ని తెరవడానికి అప్పటికి మీకు లాగిన్ ఉండదు.